పెట్టినవాళ్ళెవరు?

స్మారకోపన్యాసానికి వచ్చిన వక్త మొదటి పది నిమిషాలు పొగడ్తలకు, చివరి పది నిమిషాలు క్షమాపణలకు ఖర్చుచేయడం మన దగ్గర ఆనవాయితీ. ఆ ఇరవై నిమిషాలూ విషయానికే ఇస్తాను. విషయం పాజిటివిజం. ఈ మాట మన చదువుల్లోకి రెండు దారుల్లో వచ్చి రెండు చోట్ల కాపురం పెట్టింది. సామాజిక శాస్త్రాల్లో దాన్ని ప్రత్యక్షవాదం అన్నాం. వినగానే చార్వాకులు గుర్తొస్తారు: కంటికి కనిపించేది, కొలతకు అందేది మాత్రమే ప్రమాణం. న్యాయశాస్త్రంలో ఆ పేరు అతకదు. అక్కడ పాజిటివ్ లా అంటే అధికారం ఉన్నవాడు చేసి అమల్లో పెట్టిన చట్టం. అది కంటికి కనిపిస్తుందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. రెండింటికీ మూలమైన లాటిన్ మాట ‘పొజిటుమ్’కు అర్థం ‘ఉంచినది, పెట్టినది’. ఆ అర్థం కోసం తెలుగువాడు నిఘంటువు తిరగేయనక్కరలేదు. మనం రూలు పెడతాం, పేరు పెడతాం, లెక్క పెడతాం, కేసు పెడతాం. నాలుగు పనులకూ ఒకటే క్రియ. క్రియ ఉన్నాక కర్త ఉండాలి కదా. నా వాదన అంతా ఆ కర్త చుట్టూనే. పెట్టినదాన్ని పెట్టినట్టు చూడమనడం పాజిటివిజం మనకు నేర్పిన మంచి అలవాటు. చూసే ధ్యాసలో పెట్టినవాణ్ణి మరిచిపోవడం దాని లోపం. దాని విమర్శకులు చాలామంది ఆ కర్తను వెతికే శ్రమ మాని, పెట్టినదాని మీద కాస్త నీతి చల్లితే సరిపోతుందనుకున్నారు. సరిపోదని చూపించడం ఈ సాయంత్రం నా పని.

పుట్టుక సంగతి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. ఫ్రాన్సులో ఆగస్ట్ కామ్ట్ 1830 నుంచి 1842 వరకు ఆరు సంపుటాల్లో తన పాజిటివ్ తత్త్వశాస్త్రాన్ని అచ్చువేశాడు. మనిషి ఆలోచన మొదట దేవుళ్ళతో, తర్వాత అమూర్త తత్త్వాలతో లోకాన్ని వివరించుకుని, చివరికి పరిశీలనకు అందే నియమాల దగ్గరికి వస్తుందన్నాడు. సమాజానికీ అలాంటి శాస్త్రం ఒకటి కావాలని ‘సోషియాలజీ’ అనే పేరు పెట్టాడు. (దేవుళ్ళను సాగనంపిన ఈ పెద్దమనిషి చివరి రోజుల్లో మానవతా మతం ఒకటి స్థాపించి తానే దానికి ప్రధాన పూజారి అయ్యాడు. పీఠం ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు కూర్చుంటారు.) ఇంగ్లండులో జెరెమీ బెంథామ్, ఆయన శిష్యుడు జాన్ ఆస్టిన్ మరో వైపు నుంచి వచ్చారు. ఇంగ్లండు చట్టాలు వాటంతట అవే ధర్మస్వరూపాలన్నట్టు రాసే న్యాయపండితుల మీద బెంథామ్‌కు మంట. ఆస్టిన్ 1832లో అచ్చువేసిన ఉపన్యాసాల్లో తేల్చింది ఇదీ: ఒక చట్టం ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, అది మంచిదా చెడ్డదా అన్నది మరో ప్రశ్న. ఇది చట్టానికి దండం పెట్టమని చెప్పిన మాటగా చాలామంది అనుకుంటారు. దాని ఉద్దేశం తలకిందులు. చట్టం వేరు, ధర్మం వేరు అని విడదీస్తేనే చట్టాన్ని నిలబెట్టి ప్రశ్నించడం వీలవుతుంది. పాజిటివిజం పుట్టినప్పుడు సంస్కర్త చేతిలో పనిముట్టు.

ఆ పనిముట్టు పాలకుడి చేతికొచ్చాక ఏమైందో చూడటానికి మన దేశం కంటే మంచి చోటు లేదు. 1869 చివర జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ వైస్రాయ్ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడిగా కలకత్తా వచ్చాడు. బెంథామ్, ఆస్టిన్‌ల బడిలో తయారైనవాడు, చట్టాలను కోడ్‌లుగా కుదించడంలో దిట్ట. 1872 మార్చిలో వచ్చిన భారత సాక్ష్య చట్టం ఆయన చేతి పని. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చేదాకా మన కోర్టులు నూట యాభై ఏళ్ళకు పైగా దాని మీదే నడిచాయి. దానికి ఆయన రాసుకున్న ఉపోద్ఘాతం జాన్ స్టూవర్ట్ మిల్ తర్కశాస్త్రాన్ని ఆధారం చేసుకుంటుంది. న్యాయస్థానంలో నిజం తేల్చడాన్ని ప్రయోగశాలలో నిజం తేల్చడానికి చుట్టంగా చూస్తుంది. చట్టం మొదట్లోనే ‘వాస్తవం’ అంటే ఏమిటో నిర్వచించాడు: ఇంద్రియాలకు తెలియగలిగే ఏ వస్తువైనా, స్థితి అయినా, సంబంధమైనా వాస్తవమే. చట్టంలోని పాజిటివిజం, శాస్త్రంలోని పాజిటివిజం ఒకే వాక్యంలో కలిసిన అరుదైన సందర్భం అది. ఆ నిర్వచనం కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మరీ ముఖ్యం. ఒక మనిషికి ఫలానా పేరుంది అన్నది కూడా వాస్తవమే అంటుంది ఆ చట్టం. జాగ్రత్తగా వినాలి. ఒకడు దొంగ అన్నది ఒక వాస్తవం, ఒకడు దొంగ అని పేరుపడ్డాడన్నది వేరే వాస్తవం. రెండోది నిజమైనంత మాత్రాన మొదటిది నిజం కానక్కరలేదు. సాక్ష్య చట్టానికి ఈ తేడా బాగా తెలుసు. దానికి అయిదు నెలల ముందు, 1871 అక్టోబరు 12న, అదే కౌన్సిల్ నుంచి అదే న్యాయ సభ్యుడి హయాంలో వచ్చిన మరో చట్టం ఆ తేడాను చెరిపేసింది. అదే నేరస్థ తెగల చట్టం.

ఆ చట్టం పనిచేసే తీరు చూస్తే ‘పెట్టడం’ అంటే ఏమిటో కళ్ళకు కడుతుంది. ఫలానా తెగ, ముఠా లేదా వర్గం బెయిలు దొరకని నేరాలకు అలవాటు పడిందని స్థానిక ప్రభుత్వం నమ్మితే చాలు, పై ప్రభుత్వానికి నివేదిక పంపి నోటిఫికేషన్ వేయించవచ్చు. తర్వాత రిజిస్టరు తెరుస్తారు. రిజిస్టరులో పేరెక్కినవాడు ఉన్న ఊరు వదలాలంటే అనుమతి చీటీ కావాలి, పిలిచినప్పుడు హాజరు చెప్పుకోవాలి. నోటిఫికేషన్ చెల్లదని ఏ కోర్టూ అనడానికి వీల్లేదు. అదే తిరుగులేని రుజువు. తిరుగులేని రుజువు అన్న మాటకు సాక్ష్య చట్టం ఇచ్చిన అర్థం: ఒకటి రుజువైతే రెండోది రుజువైనట్టే, కాదని చెప్పే సాక్ష్యం తీసుకోరాదు. అంటే అయిదు నెలల తేడాలో ఒక చట్టం వాస్తవాన్ని ఎలా తేల్చాలో అంత శ్రద్ధగా నేర్పింది, మరో చట్టం లక్షలాది మంది విషయంలో ఆ తేల్చడాన్నే నిషేధించింది. కులవృత్తులున్న దేశంలో నేరమూ ఒక కులవృత్తేనన్న సిద్ధాంతం ఆ బిల్లు చర్చలో శాస్త్రీయ పరిశీలనలా చెలామణి అయింది. ఎవరూ పరిశీలించలేదు. పేరు పెట్టారు, అంతే.

ఈ చట్టం మొదట ఉత్తరాదికి పరిమితమై, 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఈసారి వేలిముద్రలు తోడయ్యాయి. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గని జైలు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం. తెలుగు జిల్లాల్లో దీని కిందికి వచ్చినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. బాపట్ల దగ్గర 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువార్ట్ పేరు దానికి పెట్టారు. స్టువర్టుపురం అంటే మనకు ఏం గుర్తొస్తుందో చెప్పనక్కరలేదు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ పేరుతో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. పేరుపడటం అనే వాస్తవం ఎంత గట్టిదో చూడండి, చట్టం పోయి నలభై ఏళ్ళయ్యాకా టిక్కెట్లు అమ్మింది. మరి ఆ పేరు కింద ఏముంది? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ప్రభుత్వ దస్తావేజులనే తవ్వి ఎరుకల, కొరవ సమూహాల మీద 2001లో ఒక పుస్తకం రాశారు. వీరిలో చాలామంది పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ తీరానికీ లోపలి ఊళ్ళకూ మధ్య తిరిగిన వర్తకులు. రైళ్ళు వచ్చి సరుకు రవాణాను ఎత్తుకుపోయాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, అడవి చట్టాలు మేతను, కట్టెను, వెదురును మూసేశాయి. తిరిగే బతుకు కాస్తా తిరుగుబోతు బతుకుగా కాగితాల్లోకి ఎక్కింది. ఆ తర్వాత సెటిల్‌మెంట్ల మనుషులు అవసరమైన చోటికి కూలీలుగా దొరికారు. స్టువర్టుపురం వారి చేతులు చీరాల పొగాకు కంపెనీకి పనికొచ్చాయి.

ఇక్కడ ఒక సుడి ఉంది, అందులోనే నా వాదనకు గట్టి ఆధారం ఉంది. రాత్రి హాజరుకు రాకపోవడం నేరం, చీటీ లేకుండా పక్క ఊరికి పెళ్ళికి పోవడం నేరం, చిరునామా మార్చి చెప్పకపోవడం నేరం. ఈ నేరాలు చేయగలిగేది రిజిస్టరులో ఉన్నవాళ్ళు మాత్రమే. మిగతా ప్రజలు చేయాలనుకున్నా చేయలేరు. ఏడాది చివర పోలీసు నివేదికలో ఆ తెగ వారికి పడిన శిక్షల సంఖ్య పెరుగుతుంది. చూశారా, నేరస్వభావం లెక్కల్లో తేలింది అంటారు. రూలు పెట్టి, పేరు పెట్టి, కేసు పెట్టి, చివరికి లెక్క పెట్టారు. ఆ లెక్కను చూపించి మొదటి రూలు సరైనదే అన్నారు. ఈ లోపల శాస్త్రం కూడా తన వంతు సాయం చేసింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. అందులో పనికొచ్చే సమాచారం బోలెడు ఉంది, ఇప్పటికీ వాడతాం. కానీ ఒక తెగ గురించి పోలీసు అధికారి రాసుకున్న నోట్సు కూడా అందులో ముక్కు కొలత పక్కనే, అదే గొంతుతో, వాస్తవంగా నిలబడుతుంది. కొలిచినదీ విన్నదీ ఒకే అచ్చులో పడ్డాక చదివేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

పాజిటివిజానికి నీతి పట్టదని, అందుకే ఇలాంటి ఘోరాలు జరుగుతాయని దాని విమర్శకుల్లో పెద్ద వర్గం అంటుంది. ఈ విమర్శకు అత్యంత గౌరవనీయమైన రూపం జర్మనీ నుంచి వచ్చింది. వైమార్ కాలంలో న్యాయమంత్రిగా పనిచేసిన గుస్తావ్ రాడ్‌బ్రుఖ్ యుద్ధం ముగిశాక, 1946లో, చట్టం చట్టమే అన్న పాఠమే జర్మన్ న్యాయవాదులను నాజీల ముందు నిస్సహాయులను చేసిందని రాశాడు. భరించరానంత అన్యాయమైన చట్టం చట్టమే కాదన్నాడు. ఆ బాధను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ సాక్ష్యం ఆ వైపు లేదు. 1935 జూన్‌లో నాజీ ప్రభుత్వం జర్మన్ శిక్షాస్మృతిని సవరించి, చట్టంలో నేరమని స్పష్టంగా రాయని పనికి కూడా ‘ఆరోగ్యకరమైన ప్రజాభావన’ను బట్టి శిక్ష వేయవచ్చంది. చట్టం అక్షరానికి కట్టుబడి ఉండటం ఆ న్యాయమూర్తుల జబ్బు అయివుంటే ఆ సవరణ అవసరమే ఉండేది కాదు. వాళ్ళు చట్టానికీ నీతికీ మధ్య గోడను కూల్చారు. తమ నీతిని లోపలికి తెచ్చుకున్నారు. మన కథలోనూ అంతే. నేరస్థ తెగల సెటిల్‌మెంట్లలో నీతికి కొదవ లేదు. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్-టక్కర్ నేరస్వభావాన్ని నయం చేసే విద్యకు ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టి చిన్న పుస్తకమే రాశాడు. వారు మనస్ఫూర్తిగా మనుషులను ఉద్ధరిస్తున్నామనుకున్నారు. నీతి లేకపోవడం వల్ల జరిగిన అన్యాయమైతే నీతి కలిపితే పోతుంది. నీతి నిండుగా ఉండి జరిగిన అన్యాయానికి అదే మందు ఎలా అవుతుంది?

1958లో హార్వర్డ్ లా రివ్యూ పుటల మీద హెచ్.ఎల్.ఎ. హార్ట్‌కూ లాన్ ఫుల్లర్‌కూ జరిగిన వాదంలో నేను సగం దూరం హార్ట్‌తో, మిగతా సగం ఫుల్లర్‌తో నడుస్తాను. దుర్మార్గమైన చట్టాన్ని చట్టం కాదనడం కంటే, ఇది చట్టమే, కాని పాటించడానికి వీల్లేనంత దుర్మార్గమైనది అని చెప్పడం నిజాయతీ అన్నది హార్ట్ మాట సారం. రాత్రిపూట కానిస్టేబులు తలుపు తట్టి హాజరు వేసుకుంటున్న ఎరుకల మనిషికి, నిన్ను కట్టేసిన ఆ కాగితం అసలు చట్టమే కాదు అని చెబితే ఏం ఒరుగుతుంది? తర్వాతి తరం పండితుల మనసు మాత్రం తేలికపడుతుంది. అయితే హార్ట్ దగ్గర ఒక ఖాళీ ఉంది. అధికారులు ఒక ప్రమాణాన్ని ఒప్పుకుని పాటిస్తే చట్ట వ్యవస్థ ఉన్నట్టేనని ఆయన వర్ణన. ఆ వర్ణన అధికారి కుర్చీలో కూర్చున్నవాడికి కనిపించే దృశ్యం. ఫుల్లర్ పట్టుకున్నది ఇక్కడే. చట్టం అన్న పేరు నిలవాలంటే అది ముందుగా తెలియాలి, పాటించడం మనిషికి సాధ్యం కావాలి, చెప్పినదానికీ చేసినదానికీ పొంతన ఉండాలి అన్నాడు. పుట్టుకనే నేరంగా ఎంచే రూలును ఎవరు పాటించగలరు? దొంగతనం మానుకోవచ్చు, పుట్టుక మానుకోలేం. ఫుల్లర్ దీన్ని చట్టం లోపలి నీతి అన్నాడు; ఆ పేరుతో నాకు పేచీ ఉంది, సరుకుతో లేదు. దాన్ని పాలకుడు పాలితుడికి జవాబు చెప్పాల్సిన తీరు అని సాదాగా చెప్పుకోవచ్చు.

సామాజిక శాస్త్రాల వైపు తిరిగితే అదే కర్త అక్కడా మాయమవుతాడు. ఎమిల్ దుర్ఖైమ్ 1895లో సామాజిక వాస్తవాలను వస్తువుల్లా చూడాలన్నాడు. 1897లో ఆత్మహత్యల మీద గ్రంథం రాసి అది ఎలాగో చూపించాడు. యూరపు దేశాల ప్రభుత్వ లెక్కలు తీసుకుని, ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, కేథలిక్కులలో తక్కువ అని తేల్చి, దానికి సమూహంలోని బంధాల బిగువు కారణమన్నాడు. గొప్ప పుస్తకం. అయితే ఒక చావును ఆత్మహత్య అని రాసింది ఎవరు? ఆత్మహత్యను మహాపాపంగా చూసే ఊళ్ళో కుటుంబం, పూజారి, అధికారి కలిసి దాన్ని ప్రమాదమని రాయించరా? 1967లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త జాక్ డగ్లస్ ఈ ప్రశ్ననే పెద్దది చేశాడు. ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. జాతీయ నేర నమోదు సంస్థ 2013లో రైతు ఆత్మహత్యలు 11,772 అంది. 2014లో 5,650 అంది. ఒక్క ఏడాదిలో సగానికి సగం! ఆ ఏడాది వ్యవసాయ కూలీలకు వేరే గడి తెరిచారు, అందులో 6,710 మంది. రెండూ కలిపితే 12,360, అంటే అంతకు ముందటి కంటే ఎక్కువే. పల్లెల్లో ఏ మార్పూ లేకుండానే పట్టికలో మార్పు వచ్చింది. ఇక కౌలు రైతు చనిపోతే అతను రైతా కాదా అన్నది పట్టాదారు పాసు పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం అతని పేరు మీద ఉండదు. పరిహారం తేల్చే త్రిసభ్య కమిటీ ముందు కుటుంబం నిరూపించుకోవాల్సింది చావును కాదు, వృత్తిని. లెక్కలోకి రానివాణ్ణి ఎవరూ లెక్కచేయరని మన భాష ఎప్పుడో పసిగట్టింది.

అయితే అంతా కల్పితమేనా, వాస్తవమంటూ ఏదీ లేదా అని ఒక పదునైన ఆక్షేపణ వస్తుంది. 1961లో ట్యూబింగెన్‌లో పాపర్, అడార్నోల మధ్య మొదలై ఏళ్ళ తరబడి సాగిన పాజిటివిజం వివాదంలో ఈ భయం అడుగడుగునా కనిపిస్తుంది. (ఆ వివాదంలో తమాషా ఏమిటంటే, పాజిటివిస్టునని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు.) నా జవాబు ఇది. స్టువర్టుపురం వారిలో దొంగతనం చేసినవారు లేరని నేను అనలేదు. ఫలానా రాత్రి ఫలానా ఇంట్లో కన్నం పడితే అది వాస్తవం. చేసినవాణ్ణి పట్టుకుని రుజువు చేసి శిక్షించవచ్చు. ‘నేరస్థ తెగ’ ఆ జాతికి చెందిన వాస్తవం కాదు. అది వర్గీకరణ. వర్గీకరణ తప్పని చెప్పడానికి ఉప్పు వ్యాపారం, రైలు మార్గాలు, అడవి చట్టాల దస్తావేజులే పనికొచ్చాయి, అంటే మళ్ళీ వాస్తవాలే. రైతు ఆత్మహత్యల పట్టికలోని తిరకాసును బయటపెట్టింది 5,650, 6,710 అన్న రెండు సంఖ్యల కూడికే. పాజిటివిజాన్ని సరిదిద్దాలంటే దాని క్రమశిక్షణనే వెనక్కి తిప్పి పెట్టడం అనే పని మీద ప్రయోగించాలి: ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఏ అవసరానికి, కాదనడానికి ఎవరికి వీలుంచారు? ఇవి నీతిశాస్త్ర ప్రశ్నలు కావు. దస్తావేజుల్లో జవాబు దొరికే ప్రశ్నలు.

చివరి ప్రశ్న, కాదనడానికి వీలుందా అన్నది, న్యాయస్థానాల చరిత్రలో నిర్ణాయకమైనది. 1950లో ఎ.కె. గోపాలన్ మద్రాసు రాష్ట్రం మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ, 21వ అధికరణలోని చట్టం అన్న మాటకు రాజ్యం చేసిన చట్టమనే అర్థం చెప్పింది. ధర్మమనే అర్థం చెప్పలేదు. పాజిటివిజం పరాకాష్ఠ అని ఆ తీర్పును తిడతాం. కానీ 1962 నాటి ఖరక్ సింగ్ కేసు చూడండి. 1941లో ఒక దోపిడీ కేసులో ఆధారాలు లేక విడిచిపెట్టిన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, రాత్రిళ్ళు తలుపు కొట్టి లేపి చూసుకునేవారు. పేరుపడటం అన్న పాత వాస్తవమే, ఈసారి తెగకు బదులు మనిషి మీద. రాత్రి తనిఖీలను కోర్టు కొట్టేసింది. ఎందుకు? అవి పోలీసు శాఖ రాసుకున్న సూచనలు, చట్టం కావు కనుక. ఏ చట్టం ప్రకారం వచ్చావు, చూపించు అన్న పాజిటివిస్టు ప్రశ్నే అక్కడ మనిషికి తలుపు గొళ్ళెమైంది. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయిందని, మిగతా నిఘా కూడా స్వేచ్ఛను హరించేదేనని భిన్నతీర్పు రాసింది మన రాజమహేంద్రవరం వాడైన కోకా సుబ్బారావు. ఏకాంతానికి హక్కుందన్న ఆ మాటను 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం నిలబెట్టింది.

1976 ఏప్రిల్ 28 నాటి జబల్‌పూర్ తీర్పును ఈ వెలుగులో మళ్ళీ చదవాలి. ఎమర్జెన్సీలో నిర్బంధితులు హెబియస్ కార్పస్ అడగడానికి వీల్లేదని నలుగురు న్యాయమూర్తులు అన్నారు, ఒక్క హెచ్.ఆర్. ఖన్నా కాదన్నాడు. ఇది పాజిటివిజం చేసిన పాపమని మన న్యాయ పాఠాల్లో ఒక స్థిర వాక్యం. నిర్బంధితుల వాదన కేవలం 21వ అధికరణ గురించి కాదు. తమను పట్టుకోవడానికి వాడిన మీసా చట్టాన్నైనా మీరు సరిగా పాటించారా అన్నది వారి ప్రశ్న. మెజారిటీ ఆ ప్రశ్ననూ అడగనివ్వలేదు. నిర్బంధ ఉత్తర్వు చట్టానికి లోబడి ఉందో లేదో చూడకూడదన్న న్యాయమూర్తిని పాజిటివిస్టు అని ఎలా అంటాం? చట్టం ఉందో లేదో చూడటమే కదా పాజిటివిస్టు పని. ఆ తీర్పుకు ఆస్టిన్ కంటే 1871 నాటి నోటిఫికేషన్ దగ్గరి చుట్టం: ఏ కోర్టూ ప్రశ్నించరాదు.

నా వాదనకు ఇబ్బంది కలిగించే ఉదాహరణ ఒకటి మన తెలుగు నేల మీదే ఉంది, దాన్ని దాచడం మర్యాద కాదు. షెడ్యూల్డు కులాల జాబితా కూడా పెట్టినదే. రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది, పార్లమెంటు తప్ప ఎవరూ మార్చలేరు, కోర్టులు లోపలికి వెళ్ళి కులాలను కలపలేవు. ప్రశ్నించరాని జాబితా చెడ్డదైతే ఇది మంచిది ఎలా అయింది? స్థానిక రాజకీయాల ఒత్తిడికి జాబితా ఊగిపోకూడదని ఆ తలుపు మూశారు, కారణం సమంజసమే. అయినా మూసిన తలుపు తన పని తాను చేసింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, ఉమ్మడి కోటాలో ఏ కులానికి ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని సీట్లు దక్కాయో లెక్క చెప్పమంది. రామచంద్రరాజు కమిషన్ లెక్కలు తీసింది, 2000లో ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టం చేసింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది: జాబితాలోకి చేరాక అన్ని కులాలూ ఒకే సజాతీయ వర్గమట. పేరు పెట్టడం వాస్తవాన్ని మింగేయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న, దవీందర్ సింగ్ కేసులో ఏడుగురిలో ఆరుగురు న్యాయమూర్తులు ఆ తీర్పును తోసిపుచ్చారు; 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ 59 కులాలను మూడు గ్రూపులు చేసి ఒక శాతం, తొమ్మిది శాతం, అయిదు శాతం కోటా అమలులోకి తెచ్చింది. ఆ శాతాలు సరైనవా, లెక్కలు పాతవా అని మాలల సంఘాలు అడుగుతున్నాయి, అడగాలి కూడా. సంఖ్యలంటేనే అధికారం ఆడే ఆట అనే విమర్శకులు దండోరాకు ఏం సమాధానం చెబుతారో నాకు అర్థం కాదు. అక్కడ లెక్క అడిగింది అధికారి కాదు, లెక్కకు రానివాడు.

నేరస్థ తెగల చట్టం కథ 1952తో ముగిసిందని పుస్తకాలు చెబుతాయి. మద్రాసు 1947లోనే రద్దు చేసింది; తిరుపతి ప్రాంతపు నాయకుడు అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దేశమంతటా రద్దు చేయమంది; 1952 ఆగస్టు 31తో ఆ తెగలు ‘విముక్త’ అయ్యాయి. కానీ మద్రాసు 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది, మిగతా రాష్ట్రాలూ అలాంటివి చేసుకున్నాయి. తెగ పేరు బదులు మనిషి పేరు రాయాలి. షీటు తెరిచే స్టేషను, తెరిచే చెయ్యి అవే. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాల జైలు మాన్యువళ్ళు తెప్పించుకుని చదివితే, రద్దయిన 72 ఏళ్ళకు కూడా ‘సంచార తెగ’, ‘నేరస్థ తెగ’ అన్న మాటలు, ఎవరు ఊడవాలో ఎవరు వండాలో కులాన్ని బట్టి చెప్పే రూళ్ళు అందులో బయటపడ్డాయి. వాటిని కొట్టేసి, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది కోర్టు. అలవాటు నేరస్థుడు అంటే ఎవరో మాత్రం ఆయా రాష్ట్రాల చట్టాల్లోని నిర్వచనం ప్రకారమే ఉండాలంది. ఆ నిర్వచనాలను రాజ్యాంగపరంగా సవాలు చేసే దారి మాత్రం తెరిచే ఉంచింది.